పరాయి వేడి

పొద్దున లేస్తూనే కంప్యూటరు పెట్టె పక్కరేకు ఊడదీసి, మెత్తని కుంచెతో లోపలి దుమ్ము దులపడం నక్షాలాయనకు అలవాటు. సర్వే కార్యాలయంలో ఉద్యోగమున్నన్నాళ్ళూ నక్షాలు గీసిన చెయ్యి అది. పదవీవిరమణ తరువాత ఆ పేరూ పోలేదు, ఆ పనితనమూ పోలేదు. కుంచె ఫ్యాను రెక్కల సందుల్లోకి వెళ్ళి, తీగెల చుట్టూ తిరిగి, ఒక్కదానినీ కదిలించకుండా బయటికి వచ్చేది. తరువాత రేకు బిగించి, మీట నొక్కి, లోపలి హోరు ఒక స్థాయికి చేరి నిలకడ పట్టేదాకా పక్కనే నిలబడేవాడు, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడ్డట్టు.

ఆ యంత్రం చేసేది ఆయన సొంత పని కాదు. మనిషి నరాలలోని కణాలు ఎందుకు చచ్చిపోతాయో, చేతులు ఎందుకు వణకడం మొదలుపెడతాయో తేల్చడానికి ఎక్కడో ఒక పరిశోధనశాల లెక్కలు వేస్తున్నది. ఆ లెక్కలు ఒక్కచోట తెమిలేవి కావు. అందుచేత వాటిని ముక్కలు చేసి, ఇష్టపడి ముందుకొచ్చినవారి ఇళ్ళకు ఇంటర్నెట్టులో పంపిస్తారు. ఇంట్లో ఊరికే ఉన్న కంప్యూటరు తన వంతు ముక్కను లెక్కగట్టి తిరిగి పంపుతుంది. పంపిన ప్రతి ముక్కకూ పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లు పంపినవారి పేరు పక్కన అందరికీ కనబడతాయి.

పెట్టె వెనకనుంచి వెచ్చని గాలి వచ్చేది. చలికాలం కావడంతో ఆయన భార్య ముక్కాలిపీట తెచ్చుకుని అక్కడ కూర్చుని, గాలికి చేతులు చాపేది. ఒకప్పుడు ఆ వీధి దర్జీలందరికీ కాజాలు కుట్టిపెట్టిన చేతులవి. ఇప్పుడు టీ గ్లాసు అందుకోవాలంటే రెండూ కలవాలి, కలిసినా టీ అంచుదాకా వచ్చి తొంగిచూసేది.

"మీ మొహం చూస్తే కరెంటు బిల్లు వచ్చినట్టుంది," అంది ఆవిడ, తెరమీద ఏదో చదువుతున్న భర్తను చూసి. "పైకి చదవండి, నేనూ బాధపడతాను."

"వచ్చే నెలనుంచి, లోపల లెక్కలు చేసే కార్డు ఇంత పాతదైతే పని పంపరట. కొత్తరకం గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే పంపుతారట."

"అయితే దానికీ రిటైర్మెంటు ఇచ్చేశారన్నమాట. సన్మానం చేశారా, లేదా?"

ఆయన నవ్వలేదు. గది మూలకు చూశాడు. అక్కడ మొన్నమొన్నటిదాకా ఆయన డ్రాయింగు బల్ల ఉండేది. దానిని, దానితోపాటు పెన్నుల పెట్టెను, స్కేళ్ళను ఇళ్ళ ప్లాన్లు గీసే ఒకాయనకు అమ్మేశాడు. బల్లకాళ్ళు ఆనిన చోట గచ్చు ఇంకా తెల్లగానే ఉంది.

"బల్ల డబ్బు ఉంది కదా. కార్డు కొంటాను."

ఆవిడ చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఒక చేతితో రెండో చేతిని పట్టుకుని కూర్చుంది.

"ఆ డబ్బు వాళ్ళకే పంపిద్దామండీ."

"ఎవరికి?"

"పరిశోధన చేసేవాళ్ళకి. లెక్కలు కుప్పలుగా వచ్చిపడుతున్నాయట. వాటిని చూసి ఇదీ సంగతి అని చెప్పే మనుషులకు జీతాలివ్వడానికే డబ్బు లేదట. వాళ్ళు రాసుకున్నది తమ్ముడు మొన్న చదివి వినిపించాడు."

"వాడికి పనిలేదు. డబ్బు ఎవరైనా ఇస్తారోయ్. ఇచ్చి చెయ్యి దులుపుకుంటారు. ఇది అలా కాదు. నా ఇంట్లో, నా కళ్ళెదుట, నా యంత్రం పనిచేస్తున్నది. వేరు కాదూ?"

"వేరే. కానీ చేతులు నావి కదండీ."

ఆ మాట ఆయనకు స్పష్టంగానే వినబడింది. కాకపోతే ఆయన మనసు అప్పటికే కార్డు కొలతల మీద ఉన్నది. పెట్టెలో అది పడుతుందా, పడితే తీగె ఎటునుంచి లాగాలి అని వేలితో గాలిలో గీత గీస్తున్నాడు.

"నీవే. అందుకే కదా ఇదంతా," అన్నాడు గీత పూర్తిచేస్తూ.

ఆవిడ లేచింది. పీట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

భార్య తమ్ముడికి బస్సులు ఆగే రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఈ లెక్కలకు కంప్యూటర్లు ఇచ్చేవాళ్ళు కొందరు కలిసి కట్టుకున్న జట్టుకు నాయకుడు కూడా అతనే. జట్టు ఏ స్థానంలో ఉన్నదో పెద్ద అక్షరాలతో కొట్టు అద్దంమీద రాయించి పెట్టాడు. స్థానం మారినప్పుడల్లా పాత అంకె గోకి కొత్తది రాయించేవాడు. మనిషి కబుర్లపోగు. చెవిమీద స్క్రూడ్రైవరు పెట్టుకుని అదే స్క్రూడ్రైవరు కోసం కొట్టంతా వెతుక్కునే రకం.

నక్షాలాయన వెళ్ళేసరికి ఒక నడివయసు స్త్రీ బల్లదగ్గర నిలబడి ఉంది. విద్యార్థులకు సిద్ధాంత వ్యాసాలు టైపు చేసిపెట్టడం ఆమె బతుకుతెరువు. ల్యాప్‌టాప్ మూతమీద పిల్లలెవరో అంటించిన పిచ్చుక బొమ్మ ఉంది.

"ఈ ఒక్క మీటే పనిచెయ్యడం లేదండీ. మిగిలినదంతా బంగారం. తొందరగా ఇచ్చెయ్యాలి, నా పనంతా దీంట్లోనే ఉంది."

"పెట్టి వెళ్ళండమ్మా. మీటేగా, పన్ను పీకినంత పని. ఎల్లుండి వచ్చి నవ్వుకుంటూ తీసుకెళ్ళండి."

ఆమె మూతమీది పిచ్చుకను ఒకసారి నిమిరి, బల్లమీద పెట్టి వెళ్ళింది. అతను దాని మెడకు చీటీ కట్టి, వెనక అరలో మిగిలినవాటి పక్కన నిలబెట్టాడు.

"రండి బావా! ఏమిటీ, మొహంలో పెళ్ళికళ ఉట్టిపడుతోంది. అక్కకు తెలుసా?"

నక్షాలాయన కవరు తీసి అతని ముందుపెట్టి, కావలసిన కార్డు పేరు, పొడవు, వెడల్పు చెప్పాడు. కాగితంమీద బొమ్మకూడా గీసి చూపించాడు. అతను బొమ్మను చూశాడు, కవరును చూశాడు, కవరును ముట్టుకోలేదు.

"ఒక్కమాట బావా. అక్క వేరే ఏదో అనుకుంటున్నట్టుందే?"

"మీ అక్క అనుకున్నవి చాలా ఉన్నాయి. కార్డు ఎప్పటికి వస్తుంది?"

"వస్తుంది లెండి." అతను కవరును సొరుగులో పడేసి, మెడ గోక్కున్నాడు. "మీ ఖాతా తాళం కూడా చెప్పండి మరి. కొత్త కార్డును దానికి కలపాలి కదా."

తాళం అంటే ఆయన పేరుతో లెక్కలు చెయ్యడానికి కావలసిన గుర్తు మాట. నక్షాలాయన దానిని నక్షామీద ఊరిపేరు రాసినట్టు విడివిడి అక్షరాలలో, అందంగా రాసి ఇచ్చాడు.

*

కార్డు వచ్చింది. బావమరిది స్వయంగా తెచ్చి, మోకాళ్ళమీద కూర్చుని బిగించాడు. మూడు ఫ్యానుల పెద్ద కార్డు. మీట నొక్కగానే మూడూ ఒకేసారి తిరిగాయి. నక్షాలాయన దీపం పట్టుకుని నిలబడ్డాడు. భార్య గుమ్మందాకా వచ్చి, తమ్ముడి వంక ఒకసారి చూసి, కాఫీ పెడతానని వెళ్ళింది.

"ఇకనుంచి తెరమీద ఆ లెక్కల కిటికీ తెరిచి చూడకండి బావా. కొత్తది, మధ్యలో కదిపితే పని చెడుతుంది. మీ పేరు పక్కన పాయింట్లు చూసుకోండి, చాలు."

ఆయన మాట విన్నాడు. ఈ విషయాలలో బావమరిది మాట ఆయనకు సర్వే రాయితో సమానం. మర్నాటినుంచి పాయింట్లు పరుగెత్తాయి. అంతకుముందు ముసలి గుమాస్తాలాగా ఒక్కొక్క మెట్టూ ఎక్కిన పేరు ఇప్పుడు పైవాళ్ళను దాటుకుంటూ పోయింది. జట్టులోని ముఖపరిచయం లేని మనుషులు అభినందనలు పంపారు. ఒకతను, "మీరు మనిషా, కరెంటు ఆఫీసా?" అని రాశాడు. నక్షాలాయన దానికి చాలాసేపు ఆలోచించి, మర్యాదగా, "రిటైరైన ఉద్యోగిని" అని జవాబు రాశాడు.

"వినవోయ్," అని వంటింట్లోకి కేకేసేవాడు, "ఇవాళ ఇంకొక మెట్టు!"

"సంతోషమండీ," అనే జవాబు వచ్చేది. మనిషి వచ్చేది కాదు.

పీట వంటింట్లోనే ఉండిపోయింది. ఆవిడ ఇప్పుడు యంత్రం దగ్గరకు రావడం మానేసింది. చేతులు చల్లబడితే వేడినీళ్ళ గిన్నె పట్టుకుని కూర్చుంటున్నది. అలక అనుకున్నాడు ఆయన. తన మాట చెల్లలేదని అలక. ఆడవాళ్ళ అలకలకు గడువు ఉంటుందని, గడువు తీరేదాకా పలకరించకపోవడమే పెద్దమనిషితనమని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆ వారం గడిపేశాడు.

ఒక మధ్యాహ్నం కొత్త కార్డుకు కృతజ్ఞతగా బావమరిదికి పళ్ళు తీసుకుని వెళ్ళాడు. కొట్లో గొడవ జరుగుతున్నది. టైపు చేసే ఆమె తన ల్యాప్‌టాప్ మీట మాటిమాటికీ నొక్కుతున్నది. తెర నల్లగానే ఉన్నది.

"మీట పనిచెయ్యడం లేదని ఇస్తే మొత్తం చచ్చిపోయిందంటారేమిటండీ! నేను తెచ్చినప్పుడు బతికే ఉంది కదా! నాలుగుసార్లు తిప్పారు, రేపు రా, రేపు రా అని."

"మదర్‌బోర్డు పోయిందమ్మా. లోపల మెమరీకూడా మాడిపోయింది. పాతది కదా, దాని రోజులు నిండాయి."

"నా పనో? ఆ అబ్బాయి వ్యాసం మొత్తం దాంట్లోనే ఉంది!"

నక్షాలాయనకు ఆమెమీద జాలి కలిగింది. జాలితోపాటు ఒక మంచిమాట చెప్పాలనికూడా అనిపించింది.

"చూడమ్మా," అన్నాడు, పళ్ళసంచి బల్లమీద పెట్టి, "యంత్రాలకు శుభ్రత ముఖ్యం. నేను రోజూ కుంచెతో దుమ్ము దులుపుతాను. మనం దులపం, అది వేడెక్కుతుంది, చివరికి మాడుతుంది. మాడినతరువాత బాగుచేసేవాణ్ణి అంటే ఏం లాభం? ఇకముందైనా శ్రద్ధగా చూసుకో."

ఆమె ఆయన వంక చూసింది. తెల్లచొక్కా, జేబులో పెన్ను, తలనిండా నెరిసిన జుట్టు. నల్లటి తెరను మూసి, సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

బావమరిది పళ్ళసంచిని పక్కకు జరిపాడు. "ఎందుకు బావా ఇవన్నీ," అన్నాడు, సంచి వంక చూడకుండా.

*

రెండురోజులు ముసురు పట్టింది. కిటికీ సందుల్లోనుంచి చలి గదిలోకి వచ్చి కూర్చుంది. సాయంత్రం నక్షాలాయన వార్తాపత్రిక చదువుతూ, వేళ్ళు కొంకర్లుపోతుంటే, భార్య చేసే పని గుర్తొచ్చి యంత్రం వెనక్కి వెళ్ళి చెయ్యి చాపాడు.

గాలి వస్తున్నది. చల్లటి గాలి.

ఇంకొంచెం దగ్గరగా పెట్టాడు. పెట్టె పైభాగంమీద అరచెయ్యి ఆనించాడు. గోడ ఎంత చల్లగా ఉందో పెట్టె అంత చల్లగానే ఉంది. పాత కార్డు పనిచేసే రోజుల్లో ఆ రేకుమీద చెయ్యి నిలిచేది కాదు. రేకు ఊడదీశాడు. మూడు ఫ్యానులూ హుషారుగా తిరుగుతున్నాయి. వాటి పక్కనున్న ఇనుపపలకను చూపుడువేలితో తాకి, వేలు అక్కడే ఉంచాడు. ఇంత పరుగెత్తేది ఇంత చల్లగా ఎలా ఉన్నది?

చూడవద్దన్న కిటికీ తెరిచాడు. దాంట్లో ఒకటే వాక్యం ఉంది: పని చెయ్యగల కార్డు కనబడలేదు.

పక్కనే ఆయన పేరు, ఆ సాయంత్రంకూడా, పైకి ఎక్కుతూనే ఉంది.

ఆయన యంత్రం ఆపి, నేలమీద చతికిలబడి, దీపం దగ్గరకు లాక్కుని, కార్డును ఊడబెరికాడు. అంచున నల్లటి మచ్చ. దానిని తుడవడానికి ఎవరో ప్రయత్నించారు. మచ్చకింద రాగిగీతలు కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. గీతల సంగతి ఆయనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఇది ఎప్పుడో కాలి చచ్చిన కార్డు. ఫ్యానులు మాత్రం బతికి ఉన్నాయి.

వంటింట్లో గిన్నె చప్పుడయింది. పిలుద్దామనుకున్నాడు. బావమరిది మోసపోయి ఉంటాడని, ఎవడో దొంగకార్డు అంటగట్టి ఉంటాడని తనకు తానే చెప్పుకుని, కార్డును గుడ్డలో చుట్టి పడుకున్నాడు.

పొద్దున కొట్టు తలుపు సగమే తెరిచి ఉంది. బావమరిది లేడు. ఎదురుగా టీ దుకాణంలో అతని గొంతు వినబడుతున్నది. నక్షాలాయన వంగి లోపలికి వెళ్ళాడు. వెళ్ళగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది.

బయట అంత చలి ఉంటే లోపల ఉక్క. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. వెనక అరలో చీటీలు కట్టిన ల్యాప్‌టాప్‌లు, పెట్టెలు వరసగా ఉన్నాయి. మూతలు వేసి ఉన్నవి, తెరలు ఆర్పి ఉన్నవి. అన్నిటికీ తీగెలున్నాయి. అన్నీ సన్నగా రొదచేస్తున్నాయి. ఆయన మొదటిదానిమీద చెయ్యి పెట్టాడు. వేడి. పక్కదానిమీద పెట్టాడు. వేడి. జ్వరం వచ్చిన పిల్లల వార్డులో డాక్టరులాగా అర చివరిదాకా నడిచాడు. చివర ఒకచోట ఖాళీ ఉంది, ఊరికే వేలాడుతున్న తీగె ఉంది.

ఒక ల్యాప్‌టాప్ మూత తెరిచాడు. తెర వెలిగింది. లెక్కల కిటికీలో, పనిచేస్తున్నవారు అన్నచోట, తన పేరు ఉంది.

"అయ్యో బావా, ఎప్పుడొచ్చారు?"

బావమరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో టీ గ్లాసుతో. నక్షాలాయన గుడ్డ విప్పి చచ్చిన కార్డును బల్లమీద పెట్టాడు.

"డబ్బు ఏం చేశావు?"

"డబ్బులో ఒక్క పైసా నేను తినలేదు. అమ్మతోడు." అతను టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక రెండుసార్లు చేతులు మార్చుకున్నాడు. ఫోను తీసి చూపించాడు. పరిశోధనశాల పంపిన కృతజ్ఞత, కవరులో ఇచ్చిన మొత్తమంతా ముట్టినట్టు, భార్య పేరుమీద. "అక్కే అడిగింది. మీరు కార్డు కొంటానన్న రోజే ఫోను చేసింది. బావగారు వినరురా, నువ్వే పంపు అంది. నేనేం చెయ్యను? ఒకవైపు మీరు, ఒకవైపు అక్క. మీకు పాయింట్లు కావాలి, అక్కకు డబ్బు అక్కడికి చేరాలి. రెండూ అయ్యేట్టు చూశాను. ఎవరికి నష్టం?"

"వీళ్ళందరినీ అడిగావా?" ఆయన అరను చూపించాడు.

"అడిగేదేముంది బావా! ఊరికే పడున్న యంత్రాలు. కొత్త కార్డు లేనివాటికి చిన్నచిన్న ముక్కలిస్తారు, ఇన్ని కలిస్తే అదే బోలెడు. ఒక మంచిపనికేగా."

"టైపు చేసే ఆమెది?"

అతను గ్లాసులోకి చూశాడు. టీ మీద మీగడ కట్టింది.

"మీట బాగుచెయ్యడానికి అరపూట చాలదూ? రేపు రా, రేపు రా అని ఎందుకు తిప్పావు?"

"మీరు మొదటి స్థానానికి వస్తారనీ... ఇంక కొంచెమే ఉందనీ... అది ముసలిది బావా, ఒట్టు, నేనుకూడా అనుకోలేదు."

నక్షాలాయన అద్దంమీద కొత్తగా రాసిన అంకెను చూశాడు. లోపలినుంచి అది తిరగబడి కనబడుతున్నది.

"తీగెలు ఊడబెరుకు. అన్నీ," అని బయటికి వచ్చేశాడు.

*

భార్య వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నది. ఒలిచినవాటిలో సగం కిందపడి దొర్లుతున్నాయి. భర్త మొహం చూడగానే చేతిలోది పళ్ళెంలో వేసింది.

"తెలిసిందా?"

"ఇన్నేళ్ళ కాపురంలో నా దగ్గర ఒక్క చిల్లర అబద్ధమైనా చెప్పావా నువ్వు? ఇప్పుడు నువ్వూ నీ తమ్ముడూ కలిసి, నా ఇంట్లో ఒక బొమ్మ పెట్టి, నన్ను దాని ముందు నిలబెట్టి..." ఆయన కళ్ళద్దాలు తీసేశాడు. "ఇంకొక మెట్టు, ఇంకొక మెట్టు అని నేను కేకలేస్తుంటే, నువ్వు ఇక్కడ కూర్చుని సంతోషమండీ అన్నావు."

"అన్నాను. అన్నప్పుడల్లా నాకు అన్నం సయించలేదు."

"నన్ను అడిగితే ఇచ్చేవాణ్ణి కదా!"

"అడిగాను కదండీ."

ఆవిడ ఆ మాట గొంతు పెంచకుండా అంది. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"జబ్బు నాది. వణికేవి నా చేతులు. దానికి ఏం చెయ్యాలో మీరు చెప్పారు, డాక్టరు చెప్పాడు, తమ్ముడు చెప్పాడు. ఒక్కసారి నేను చెబితే మీరు గాలిలో గీతలు గీశారు. మీ బల్ల అమ్మిన డబ్బే, కాదనను. అందుకే ఇచ్చేశానని చెప్పడానికి మీ మొహం చూడలేకపోయాను. తప్పే."

"ఆ పాయింట్లు ఎక్కడనుంచి వస్తున్నాయో తెలుసా నీకు?"

"వాడు ఏదో చూసుకుంటానన్నాడు. నేను అడగలేదు."

ఆయన చెప్పాడు. అర సంగతి, ఖాళీచోటు సంగతి, పిచ్చుక బొమ్మ సంగతి. తాను ఆమెకు దుమ్ము గురించి చెప్పిన హితబోధ దగ్గరకు వచ్చేసరికి ఆగాడు. ఆగి, అదీ చెప్పాడు.

ఆవిడ చేతులు ఒకదానితో ఒకటి పట్టుకున్నా నిలవలేదు. చీరకొంగులో దాచుకుంది.

"అంటే నా పేరుతో దానం, మీ పేరుతో..." అని, ఆ మాట పూర్తిచెయ్యలేదు. "వాడికి ఆ కొట్టే కదండీ ఆధారం," అంది.

ఆయన గదిలోకి వెళ్ళి తన కంప్యూటరుకున్న తీగెలు ఒక్కొక్కటిగా విప్పసాగాడు.

*

టైపు చేసే ఆమె మేడమీద ఒంటిగదిలో ఉంటుంది. మర్నాడు నక్షాలాయన పెట్టెను దుప్పటిలో చుట్టి, మెట్టు మెట్టుకూ ఆగి, మోసుకుని ఎక్కాడు. తలుపు తెరిచిన ఆమె ఆయనను గుర్తుపట్టి ఆశ్చర్యపోయింది. బల్లమీద చేత్తో రాస్తున్న కాగితాలున్నాయి. పోయిన వ్యాసాన్ని ఆమె మొదటినుంచి రాసుకుంటున్నది.

"కూర్చోండి బాబాయిగారూ. ఏమిటిది?"

ఆయన కూర్చోలేదు. దారిలో కూర్చుకున్న మాటలన్నీ వరసగా చెప్పాడు. ఆమె ల్యాప్‌టాప్ దుమ్ముపట్టి చావలేదని, పగలూ రాత్రీ నడిపించడంవల్ల మాడిందని, అది నడిచింది తన పేరుమీదనని. ఈ పెట్టె పాతదే అయినా టైపుపనికి పనికివస్తుందని, తీసుకోవలసిందని.

ఆమె మొహంలో ఆశ్చర్యం మెల్లగా వెళ్ళిపోయింది.

"అయితే ఆ రోజు నన్ను నిలబెట్టి దుమ్ము గురించి చెప్పారే?"

"చెప్పాను."

"రాత్రంతా ఏడ్చానండీ. నాదే తప్పు, నాకే శ్రద్ధ లేదు అనుకుని. ఆ అబ్బాయి తండ్రి ఫోనులో తిట్టిన తిట్లు పడ్డాను. పెద్దమనిషి చెప్పాడు కదా, నిజమే అయివుంటుంది అనుకున్నాను."

"నాకు అప్పటికి తెలియదమ్మా. నన్నుకూడా మోసం చేశారు."

"ఎవరు?"

"నా వాళ్ళే."

"పాపం," అంది ఆమె. ఆ మాటలో జాలి లేదు. వంగి దుప్పటి తొలగించి పెట్టెను చూసింది. "ఇది ఇక్కడ పెట్టేసి వెళ్తే మీకు నిద్రపడుతుంది. బాగుంది. రేపు ఇంకొకామె అక్కడ ఇంకొకటి పెట్టి వెళ్తుంది. ఆమెకు ఏమిస్తారు? మీ ఇంట్లో ఇంకెన్ని పెట్టెలున్నాయి?"

నక్షాలాయన దుప్పటి మడతపెట్టసాగాడు.

"నాతో చెప్పిన మాట అక్కడికొచ్చి చెప్తారా, అందరూ వింటుండగా?"

ఆ కొట్టే ఆధారమని భార్య అన్న మాట ఆయన చెవిలో ఉన్నది. భార్యకు ఉన్నది ఒక్క తమ్ముడు. తనకు ఉన్నదీ ఒక్క బావమరిదే. మేడ కింద రోడ్డుమీద బస్సులు పోతున్నాయి. ఆమె ఆయన జవాబు కోసం ఆగలేదు. చెప్పులు వేసుకుని తలుపు దగ్గర తాళం పట్టుకుని నిలబడింది. ఆయన బయటికి వచ్చాడు.

కొట్లో మంచి రద్దీ వేళ. బల్లదగ్గర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. బావమరిది ఎవరికో కబుర్లు చెబుతూ నవ్విస్తున్నాడు. అరలోని తీగెలన్నీ ఊడదీసి ఉన్నాయి. నక్షాలాయన వెనకాల ఉన్నది ఎవరో చూడగానే అతని నవ్వు పెదవులమీదే ఉండి కళ్ళనుంచి పోయింది.

"బావా, లోపలికి రండి. లోపల మాట్లాడుకుందాం."

"లోపల ఏమీ లేదు," అన్నాడు నక్షాలాయన. తరువాత నిలబడి ఉన్నవాళ్ళవైపు తిరిగాడు. గొంతు సరిచేసుకున్నాడు. కార్యాలయంలో పై అధికారులకు నివేదిక చదివినప్పటి గొంతే వచ్చింది. దానిని మార్చుకోవడం చేతకాలేదు.

"అయ్యా, మీరు బాగుచెయ్యమని ఇక్కడ వదిలి వెళ్ళిన యంత్రాలను, మిమ్మల్ని అడక్కుండా, పగలూ రాత్రీ నా పేరుమీద పనిచేయించారు. నిన్నటిదాకా చేశాయి. ఈమె ల్యాప్‌టాప్ అందులోనే మాడిపోయింది. మాడినరోజు నేను ఇక్కడే నిలబడి, తప్పు ఈమెదే అన్నాను. ఈమెది కాదు."

బావమరిది బల్లను రెండు చేతులతో పట్టుకున్నాడు. "అక్క మొహం ఎలా చూస్తారు బావా?" అన్నాడు, దాదాపు వినబడకుండా.

పెట్టెను చంకలో పెట్టుకున్న ఒక ముసలాయన ముందుకొచ్చాడు. కోపంగా లేడు, అర్థంకాక అడుగుతున్నాడు.

"పనిచేశాయంటున్నారు, ఏం పనండీ? దేనికోసం?"

జవాబు నాలుకమీద సిద్ధంగా ఉన్నది. నరాల జబ్బు, పరిశోధనశాల, కాజాలు కుట్టిన రెండు చేతులు. ఆ మాట చెబితే ఇందరిలో సగంమంది మెత్తబడతారని, ముసలాయన భుజంకూడా తడతాడని ఆయనకు తెలుసు. టైపు చేసే ఆమెకూడా తలతిప్పి చూస్తున్నది.

ఆయన ఆ చేతులను అక్కడికి తేలేదు.

"నా పేరు కోసం," అన్నాడు.

ముసలాయన పెట్టెను రెండో చంకకు మార్చుకున్నాడు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే బల్ల దాటి వెళ్ళి, చీటీలు చూసుకుని, అరలోనుంచి ఎవరిది వాళ్ళు తీసుకోవడం మొదలుపెట్టారు. నక్షాలాయన దారికి అడ్డం లేకుండా గోడవారకు జరిగి నిలబడ్డాడు.